పడావు చెల్కలో జొన్న రేషను

చెల్క నేలకు ఎర్రరంగు ఇచ్చేది ఇనుము. మొక్కకు తప్పనిసరిగా కావలసిన భాస్వరాన్ని పట్టుకుని వదలనిదీ ఆ ఇనుమే. రెండూ కలిసి నీళ్లలో కరగని రూపంలోకి మారిపోతాయి. జొన్న వేరు ఆ పక్కనుంచే పాకినా ఆ భాస్వరాన్ని పెద్దగా అందుకోలేదు. అదే మట్టిలో కంది వేరు అందుకుంటుంది. మెట్ట రైతులు తరతరాలుగా జొన్న సాళ్ల మధ్య కంది వేస్తూ వచ్చారు. అందులో ఉన్న మేలు ఇదని ప్రయోగాల్లో తేలడానికి 1990 దాకా పట్టింది.

ఆ పని జరిగింది హైదరాబాద్ పక్కనున్న పటాన్‌చెరులోనే. మెట్ట పంటల మీద పరిశోధనకు 1972లో అక్కడ ఏర్పడిన ఇక్రిశాట్‌లో జపాన్ శాస్త్రవేత్త నోరిహారు ఆయె, ఆయన సహచరులు ఎర్ర నేలలోనూ నల్లరేగడిలోనూ రకరకాల పంటలు పెంచి, ఏ పంట ఏ రూపంలో ఉన్న భాస్వరాన్ని తీసుకుంటోందో గమనించారు. రేగడిలో భాస్వరం ఎక్కువగా కాల్షియంతో కలిసి ఉంటుంది. దాన్ని జొన్న బాగానే తీసుకుంది. ఎర్ర నేలలో మాత్రం కందిదే పైచేయి. కంది వేళ్లు పిసిడిక్ ఆమ్లం అనే పదార్థాన్ని మట్టిలోకి వదులుతాయి. అది ఇనుమును తనతో కట్టేసుకోగానే, ఇనుము గుప్పిట్లో ఉన్న భాస్వరం విడివడుతుంది. కంది అందులో కొంత వాడుకుంటుంది. రాలిన ఆకులో, నేలలో మిగిలిన వేరులో ఉన్న వాటా తర్వాతి ఏడు వేసే పంటకు చేరుతుంది.

నత్రజని సంగతి ఇంతకంటే ముందే తెలుసు. కంది వేరు బుడిపెల్లో కాపురముండే రైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చే రూపంలోకి మారుస్తుంది. కంది పండిన చేనులో మరుసటి ఏడు మొక్కజొన్న వేసి చూస్తే, హెక్టారుకు నలభై కిలోల దాకా నత్రజని ఎరువు వేసినంత ఫలితం కనిపించిందని 1980లలో ఇక్రిశాట్ ప్రయోగాలు చూపాయి. యూరియాలో నత్రజని 46 శాతం. అంటే దాదాపు రెండు బస్తాల యూరియా చేసే పనిని ఒక పప్పు పంట చేసిపెట్టింది, పప్పు ఇస్తూనే.

వేరు నేలనుంచి తీసుకోవడంతో ఊరుకోదు, నేలకు పెడుతుంది కూడా. ఆకులో తయారైన చక్కెరల్లో కొంత భాగాన్ని మొక్క వేళ్లద్వారా మట్టిలోకి వదిలేస్తుంది. ఆ తిండికోసం బ్యాక్టీరియా, బూజులు వేరుచుట్టూ గుమిగూడతాయి. వేరుచుట్టూ ఉండే ఈ సన్నని పొర మిగతా మట్టికి భిన్నమైనదని జర్మన్ శాస్త్రవేత్త లోరెంజ్ హిల్ట్‌నర్ 1904లోనే గుర్తించి దానికి ప్రత్యేకమైన పేరు పెట్టాడు. పంటను బట్టి వేరు వదిలే పదార్థాలు మారతాయి. కంది పిసిడిక్ ఆమ్లం వదిలితే, శనగ సిట్రిక్ ఆమ్లం లాంటివి వదులుతుంది. చేనులో నాలుగు రకాల వేళ్లు ఉంటే నాలుగు రకాల తిండి పడుతుంది, దాన్ని తినే జీవాలూ అన్ని రకాలవి ఉంటాయి. ఏటేటా ఒకే పంట వేసే నేలకు ఏటేటా ఒకే తిండి.

చెల్కకు ఈ జీవరాశి అవసరం రేగడికంటే ఎక్కువ. రేగడి బంకమన్నుకు నీటినీ పోషకాలనూ పట్టి ఉంచే గుణం సహజంగానే ఎక్కువ. చెల్కలో ఉండే బంకమన్ను రకం వేరు, దాని శక్తి తక్కువ. అక్కడ ఆ పని చేయాల్సింది సేంద్రియ పదార్థం: కుళ్లిన ఆకు, పెంట, వేరుముక్కలు, వాటిని తిన్న సూక్ష్మజీవుల జిగురు. అది తగ్గిపోతే మట్టిరేణువులు ఒకదానికొకటి అంటుకోవు. మృగశిరలో పడే పెద్దపెద్ద చినుకుల దెబ్బకు నేల పైపొర చిట్లి, ఆరగానే పెళ్లగట్టిపోతుంది. అప్పుడు వాన లోపలికి దిగదు. గెట్టు దాటి మట్టిని మోసుకుపోతుంది. మట్టి పరీక్షలో సేంద్రియ కర్బనం 0.5 శాతంలోపు ఉంటే దాన్ని తక్కువ కింద లెక్కవేస్తారు. తెలంగాణ చెల్కలు చాలావరకు ఆ గీతకు దిగువనే ఉన్నాయి.

ఇంతవరకూ చెప్పిందంతా వ్యవసాయ కళాశాల పాఠంలోనూ దొరుకుతుంది. కానీ పాఠం ఇక్కడ ఆగితే ఒక ప్రశ్న మిగిలిపోతుంది. జొన్న, కంది కలిపి వేస్తే నేలకు ఇంత మేలైతే, ఆ పంటలు వేసిన రైతులు ఎందుకు మానేశారు? 1970ల మొదట్లో దేశంలో జొన్న సాగు సుమారు 1.7 కోట్ల హెక్టార్లు. ఇప్పుడు 50 లక్షల లోపు. ఇన్ని లక్షల కుటుంబాలు ఉన్నట్టుండి తెలివి కోల్పోయాయని ఎవరూ అనలేరు. జవాబు మట్టిలో దొరకదు. రేషన్ షాపులో దొరుకుతుంది.

1983లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం తెచ్చింది. ఆకలితో ఉన్న ఇళ్లకు అది నిజమైన ఆసరా. అందులో సందేహమే లేదు. అయితే ఆ బియ్యం పండింది సాగునీరున్న చోట, కృష్ణా గోదావరి డెల్టాల్లాంటి మాగాణుల్లో. తిన్నది మెట్ట పల్లెల్లోని పేదలు కూడా. ఇంట్లో జొన్నరొట్టె స్థానంలోకి అన్నం వచ్చింది. కిలో రెండు రూపాయలకు బియ్యం దొరుకుతుంటే, రాళ్లేరి, దున్ని, కలుపు తీసి, పిట్టలు తోలి, ఆ జొన్న పండించడం దేనికి? బజారులో దానికి ధర లేదు, ఇంట్లో తినేవాళ్లు తగ్గారు. చెల్కలు పడావు పడ్డాయి. దున్నని నేల బాగుపడుతుందని కొందరు అనుకుంటారు. రాళ్లతో, వాలుతో ఉన్న చెల్కలో పశువులు మేసి, పచ్చదనం పోయి, గెట్లు తెగితే వానవానకూ పైమట్టి కొట్టుకుపోతుంది.

పడావు పడిన భూముల్లో దళిత కుటుంబాలవి చాలా ఉన్నాయి. ప్రభుత్వం పంచిన భూముల్లో వీళ్ల వాటాకు వచ్చింది ఎక్కువగా ఊరి పైభాగాన, బండలమధ్య ఉండే నేల. మొదటి వానకు కోతపడేది అక్కడే.

ఉమ్మడి మెదక్ జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో 1983లోనే పని మొదలుపెట్టిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఈ చిక్కుముడిని పంట, తిండి అనే రెండు కొసలనుంచీ ఒకేసారి విప్పడానికి చూసింది. పి.వి. సతీశ్ దాని వ్యవస్థాపకుల్లో ఒకరు. 2023లో ఆయన చనిపోయేవరకూ పస్తాపూర్ కేంద్రంగా ఆ పనిలోనే ఉన్నారు. అయితే బలం ఊళ్లలోని మహిళా సంఘాలది. సభ్యుల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు, ఎకరం రెండెకరాల చెల్క ఉన్నవాళ్లు, అదీ లేక కూలికి పోయేవాళ్లు.

మొదట వాళ్లు చేసింది నేలపని. తమ భూముల్లో తామే కూలి తీసుకుని రాళ్లేరారు, గెట్లు వేశారు, వాన నిలిచేలా కట్టలు కట్టారు. 1990ల మధ్యలో అసలైన మలుపు వచ్చింది. కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో ముప్ఫైకి పైగా ఊళ్లలో సంఘాలు సొంత రేషన్ వ్యవస్థ పెట్టుకున్నాయి. పడావు భూమి ఉన్న రైతుకు దుక్కికి, పెంటకు, విత్తనానికి, కలుపుకు అప్పు ఇచ్చారు. ఆ అప్పును రైతు డబ్బుగా కట్టక్కర్లేదు, కొన్నేళ్లపాటు జొన్నగా కొలవాలి. అలా రెండున్నర వేల ఎకరాలకు పైగా పడావు భూమి మళ్లీ నాగలికిందికి వచ్చింది. కొలిచిన జొన్న ఊళ్లోనే వేపాకుతో, బూడిదతో నిల్వ ఉండేది. పనులు దొరకని వానాకాలపు రోజుల్లో, బజారు ధరకన్నా తక్కువకు, పేద ఇళ్లకు అమ్మేవాళ్లు. ఎవరు పేదలో ఏ ఆఫీసూ చెప్పలేదు. ఊరంతా కూర్చుని ఇంటింటి పరిస్థితీ మాట్లాడుకుని తేల్చారు. ఎక్కువ పేదరికం ఉన్న ఇంటికి ఎక్కువ జొన్న. అమ్మగా వచ్చిన డబ్బు మళ్లీ సాగుకు అప్పుగా పోయేది.

ప్రభుత్వ రేషన్‌లో గింజ ఎక్కడో పండి, ఎక్కడో మరపట్టి, గోదాములు మారి ఊరికి వస్తుంది. ఊరి చేనుతో దానికి పనిలేదు. ఇక్కడ ఊరి పేదవాళ్లు తినే గింజ ఊరి పేదవాళ్ల చేనులోనే పండింది. తినేవాళ్లు ఉన్నారు కాబట్టి జొన్న విత్తారు. జొన్నతోపాటు కంది, పెసర, అనుము, బొబ్బర, నువ్వు, కొర్ర, తైద (రాగి), పుంటికూర వచ్చాయి. సంఘం మహిళల చేలలో పది పన్నెండు రకాలు కలిసి ఉండటం మామూలు, ఇరవై దాకా వేసేవాళ్లూ ఉన్నారు. పశువులకు జొన్నచొప్ప దొరికింది కాబట్టి పశువులు నిలిచాయి, పశువులు నిలిచాయి కాబట్టి చెల్కకు పెంట అందింది. నేల బాగు అనే మాటను ఈ వరసలోంచి విడదీసి చెప్పడానికి వీల్లేదు.

ఈ కలగలుపు చేను లోపల ఏం జరుగుతుందో ఒక ఏడాది వెంట నడిచి చూస్తే తెలుస్తుంది. ముందు పెసర పూర్తవుతుంది. దాని వేరు నేలలోనే ఉండిపోతుంది. అనుము, బొబ్బర తీగలు సాళ్ల మధ్య పాకి నేలను కప్పుతాయి, చినుకు నేరుగా మట్టిని కొట్టదు. జొన్న కోసేసరికి కంది ఇంకా మోకాలెత్తు దాటి ఎదుగుతూ ఉంటుంది. పైపొర ఆరిపోయినా దాని తల్లివేరు లోతు తేమను తాగుతుంది. సంక్రాంతిదాకా చేను పచ్చగానే ఉంటుంది, ఆకు రాలుస్తూనే ఉంటుంది. వాన ముందే ఆగిపోయిన ఏడు జొన్న దెబ్బతిన్నా కంది ఎంతో కొంత దక్కుతుంది. వాన ఎక్కువై కంది దెబ్బతిన్న ఏడు మరొకటి నిలుస్తుంది.

నేల ఎన్నాళ్లు పచ్చగా ఉంటే అన్నాళ్లు కర్బనం లోపలికి పోతుందనడానికి అదే ఉమ్మడి మెదక్ జిల్లాలో సుదీర్ఘమైన సాక్ష్యం ఉంది. పటాన్‌చెరు నల్లరేగడిలో ఇక్రిశాట్ 1976లో ఒక ప్రయోగం మొదలుపెట్టింది. ఒక చేనులో పాత పద్ధతి: వానాకాలమంతా ఖాళీగా వదిలి, యాసంగిలో జొన్న లేదా శనగ. ఇంకో చేనులో వెడల్పాటి బోదెల మీద వానాకాలంలోనే జొన్న, కంది వంటి జోడీ పంటలు. 24 ఏళ్ల తర్వాత కొలిస్తే, రెండో చేనులో 120 సెంటీమీటర్ల లోతువరకూ హెక్టారుకు ఏడు టన్నులకు పైగా కర్బనం ఎక్కువ చేరింది. గింజ దిగుబడి మొదటి చేనులో హెక్టారుకు సగటున టన్ను చుట్టూ ఉంటే, రెండో చేనులో ఐదు టన్నుల దగ్గర ఉంది. ఆ రెండో చేనులో మితంగా రసాయన ఎరువు కూడా వాడారు. ఆ సంగతి దాచి ఈ అంకెలు చెప్పడం న్యాయం కాదు. ఫలితం ఎరువు ఒక్కదానిదీ కాదు. వానను ఆపిన బోదె, ఏడాదిలో ఎక్కువ నెలలు నేలలో ఉన్న వేరు, రాలిన కంది ఆకు, అన్నీ కలిసి తెచ్చిన ఫలితం.

చేను మారితే కంచం మారుతుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం వంద గ్రాముల పాలిష్ బియ్యంలో ఇనుము 0.65 మిల్లీగ్రాములు, జొన్నలో సుమారు 4. పీచు బియ్యంలో మూడు గ్రాముల లోపు, జొన్నలో పది. తైదల్లో కాల్షియం 364 మిల్లీగ్రాములు, బియ్యంలో ఎనిమిది కూడా లేదు. తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. జొన్నలో ఉన్న ఇనుమంతా ఒంటికి పట్టదు, గింజలోని ఫైటేట్లు కొంత అడ్డుపడతాయి. నానబెట్టడం, పులియబెట్టడం ఆ అడ్డును తగ్గిస్తాయి. సి విటమిన్ ఉన్న ఆకుకూర పక్కన ఉంటే ఇంకా మేలు. జొన్నరొట్టెలోకి పుంటికూర, అంబలి పులవబెట్టుకోవడం పల్లె ఇళ్లలో ఉన్న అలవాట్లే.

ఆకుకూరల విషయం మరీ ముఖ్యం. వానలు పడగానే మెట్ట చేలలో ఎవరూ విత్తకుండా మొలిచేవి ఎన్నో ఉన్నాయి: తుమ్మి, చెంచలి, దొగ్గలి, గునుగు, గంగవాయిలి. కూలికి పోయిన స్త్రీ సాయంత్రం కొంగులో ఏరుకుని తెచ్చుకునే కూర అది. భూమి లేని ఇంటికి కూడా దొరికే కూర. వ్యవసాయ శాస్త్రం పుస్తకాల్లో వీటిలో చాలావాటి పేరు కలుపు. కలుపుమందు కొట్టిన పత్తి చేనులో ఇవి ఉండవు. ఆ నష్టం ఏ దిగుబడి లెక్కలోకీ, ఏ ఆదాయం లెక్కలోకీ రాదు. ఇంట్లో ఆడవాళ్ల, పిల్లల ఒంట్లో మాత్రం కనిపిస్తుంది.

ఇదంతా చదివి పాత రోజులు బంగారమని అనుకోనక్కర్లేదు. కలగలుపు చేనుకు చాకిరీ ఎక్కువ. ఒక్కో పంట ఒక్కోసారి కోయాలి, విడిగా నూర్చాలి, విడిగా దాచాలి, ఈ పనిలో సింహభాగం స్త్రీలదే. కొర్ర, సామ లాంటి చిరుధాన్యాల పొట్టు తీయడం రోకలితో అయితే ఒళ్లు హూనమయ్యే పని; మండలానికొక మిల్లు లేకపోతే ఎంత మంచి గింజైనా ఇంట్లో వండరు. చదువుకుని పట్నం పోయిన పిల్లలు ఈ చాకిరీకి తిరిగిరాలేదంటే తప్పు వాళ్లది కాదు. జహీరాబాద్ చుట్టూ చెరకు, అల్లం, పత్తి విస్తరించాయంటే చేతికి నగదు కావాలి కాబట్టే. పాఠశాల ఫీజులు, ఆసుపత్రి బిల్లులు జొన్నతో కొలిచి ఇవ్వలేరు.

ఒక్క ఉత్తర్వుతో నేలను మార్చాలనుకోవడం మరో పొరపాటు. శ్రీలంక 2021లో రసాయన ఎరువుల దిగుమతిని ఒక్కసారిగా నిలిపివేసి, పంటలు దెబ్బతిని, ఆ ఏడాది నవంబర్‌కల్లా వెనక్కి తగ్గింది. దశాబ్దాలపాటు సంచీలోని ఎరువుకు అలవాటుపడిన నేలలో సూక్ష్మజీవుల బలం తిరిగి రావడానికి ఏళ్లు కావాలి. ఆ ఏళ్లలో రైతు నష్టాన్ని ఎవరు భరిస్తారో ముందే తేల్చాలి. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 ప్రాంతంనుంచి నడుపుతున్న ప్రకృతి వ్యవసాయం ఇంకో దారి పట్టింది. మహిళా సంఘాల ద్వారా, అనుభవమున్న రైతులే తోటి రైతులకు నేర్పుతూ, తొలకరికి ముందే రకరకాల విత్తనాలు చల్లి నేలను ఏడాది పొడవునా పచ్చగా ఉంచే పద్ధతిని లక్షల కుటుంబాలకు తీసుకెళ్లింది. 2024లో గుల్బెంకియన్ బహుమతిని మట్టి శాస్త్రవేత్త రత్తన్ లాల్‌తో, ఈజిప్టుకు చెందిన సెకెమ్‌తో కలిసి అందుకుంది. అక్కడా తేలాల్సింది ఇదే: నవధాన్యాలు చల్లిన రైతు ఆ ధాన్యాలను ఎవరికి అమ్మాలి?

ఒడిశా ఈ ప్రశ్నకు ప్రభుత్వ స్థాయిలో ఒక జవాబు చూపింది. 2017లో మొదలైన చిరుధాన్యాల మిషన్ కింద గిరిజన జిల్లాల్లో రాగులను మద్దతు ధరకు కొని, రేషన్ కార్డులకు ఇచ్చింది. 2020లో కేంఝర్ జిల్లా అంగన్‌వాడీ పిల్లలకు రాగి లడ్డూలు పెట్టడం మొదలైంది. ఆ మిషన్‌కు వెన్నుదన్నుగా పనిచేసిన సంస్థల్లో హైదరాబాద్ కేంద్రంగా ఉన్న వాసన్ ఒకటి. తెలుగు నేలమీద సంపాదించిన అనుభవం పొరుగు రాష్ట్రంలో ఫలించింది. ఇక్కడ అది ఇంకా జాతరలకూ, చిరుధాన్యాల దుకాణాలకూ పరిమితమై ఉంది. పట్నంలో కొర్రలు బియ్యం ధరకు రెట్టింపు పలుకుతున్నాయి. పండించిన ఊళ్లో తినేవాళ్లు లేరు. డబ్బున్నవాళ్ల మధుమేహానికి మందుగా మాత్రమే చిరుధాన్యాలు బతికితే అది పేద రైతుకూ మేలు కాదు, పేద ఇంటికీ మేలు కాదు.

జహీరాబాద్ సంఘాల పనికి గుర్తింపు రాకపోలేదు. ఏటా సంక్రాంతికి బయల్దేరే పాత పంటల జాతర ఎడ్లబండ్ల మీద విత్తనాలను ఊరూరా చూపిస్తుంది. 2008లో మాచ్‌నూర్‌లో దళిత స్త్రీలు నడిపే సంఘం రేడియో మొదలైంది. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. బహుమతులకంటే వాళ్లు అడిగింది వేరు: తాము ముప్ఫై ఊళ్లలో చేసి చూపింది రాష్ట్రమంతా రేషన్‌లో చేయమని.

అందుకు కొత్త చట్టం అక్కర్లేదు. 2013 జాతీయ ఆహార భద్రతా చట్టంలో బియ్యం, గోధుమలతోపాటు చిరుధాన్యాలూ ఉన్నాయి. కిలో ధర రూపాయి అని రాసే ఉంది. 2023 జనవరినుంచి ఆ చట్టం కింద గింజలు ఉచితం. జొన్నకు కేంద్రం ఏటా మద్దతు ధర ప్రకటిస్తూనే ఉంది. వరికి ఉన్నట్టు జొన్నకు, కొర్రకు, తైదకు మండలాల్లో కొనుగోలు కేంద్రాలు తెరవాలి. పొట్టుతీసే మిల్లులు పెట్టాలి. కొన్న గింజను ఆ జిల్లా రేషన్ షాపులకు, హాస్టళ్లకు, అంగన్‌వాడీలకు ఇవ్వాలి. మెట్ట జిల్లాల్లో ఉండేవాళ్లు వచ్చే గ్రామసభలో ఈ మాట అడగాలి, అడిగినట్టు తీర్మానంలో రాయించాలి.